ప్రశ్న–జవాబు: ఎనిమిదేళ్లు పెదవి విప్పని నటుడు

గత సంచికలో పిల్లల నత్తి గురించి ఇచ్చిన జవాబులో అమెరికన్ నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్ పేరును ఒక్క వాక్యంలో ప్రస్తావించి వదిలేశాము. ఆ ఒక్క వాక్యం చాలలేదని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలను బట్టి తెలిసింది. అందువల్ల ఈసారి పేజీ మొత్తం ఆయనకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా బడిలో ఏడో తరగతి చదువుతున్న ఒక పిల్లవాడికి నత్తి ఉంది. వేమన పద్యం అప్పజెప్పమంటే ఎక్కడా తడుముకోడు. నీ పేరేమిటని అడిగితే మాత్రం మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతాడు. జోన్స్ సంగతి కూడా ఇలాంటిదేనా? (ఒక ఉపాధ్యాయిని, బొబ్బిలి)

జవాబు: అచ్చం ఇలాంటిదేనమ్మా. ఆయన 1931 జనవరి 17న మిసిసిపీ రాష్ట్రంలోని ఆర్కబట్ల అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోవడంతో తల్లి తరఫు తాతా అమ్మమ్మలే పెంచారు. ఐదేళ్ల వయసులో వారు ఆయనను వెంటబెట్టుకుని ఉత్తరాన ఉన్న మిషిగన్ రాష్ట్రానికి, ఒక వ్యవసాయ క్షేత్రానికి తరలిపోయారు. నేల మారింది, వాతావరణం మారింది, చుట్టూ ఉన్న మనుషులు మారారు. ఆ మార్పులోనే నత్తి పట్టుకుంది. మాట్లాడితే తోటి పిల్లలు నవ్వేవారు, అందుకని మాట్లాడడమే మానేశారు. ఇంట్లోవారితోనూ పెరట్లోని పశువులతోనూ తప్ప ఇంచుమించు ఎనిమిదేళ్లపాటు ఆయన నోరు విప్పలేదు. బడిలో ఏది అడిగినా రాతలోనే జవాబు.

బ్రెథ్రెన్ అనే చిన్న ఊరి ఉన్నత పాఠశాలలో డొనాల్డ్ క్రౌచ్ అనే ఇంగ్లిషు మాస్టారు ఉండేవారు. ఈ మూగవాడు రహస్యంగా కవిత్వం రాస్తున్నాడని ఆయన కనిపెట్టారు. యుద్ధకాలంలో ఫ్లోరిడా నుంచి ఆ చలిప్రాంతానికి పంపర పనస జాతి పండ్లు వచ్చాయి. వాటి రుచికి పొంగిపోయి కుర్రవాడు ఒక పద్యం రాశాడు. మాస్టారు దాన్ని చదివి, ఇది నీ స్వంతమేనని నమ్మాలంటే తరగతి ముందు నిలబడి కాగితం చూడకుండా చెప్పాలని పట్టుబట్టారు. అభిమానం దెబ్బతిన్న కుర్రవాడు లేచి నిలబడి మొదటి పాదం నుంచి చివరి పాదం దాకా ఒక్క తడబాటు లేకుండా చదివేశాడు. విన్నవారికన్నా చదివినవాడే ఎక్కువ ఆశ్చర్యపోయి ఉంటాడు.

మీ పిల్లవాడు పద్యం దగ్గర ఆగకపోవడానికీ ఇదే కారణం. పద్యంలో మాట ముందే సిద్ధంగా ఉంటుంది, నడక కూడా సిద్ధంగా ఉంటుంది. ఏ మాట వాడాలి, ఎప్పుడు ఎత్తుకోవాలి అన్న రెండు బరువులూ గొంతు మీద పడవు. నత్తి ఉన్నవారిలో చాలామంది పాడేటప్పుడూ, నలుగురితో గొంతు కలిపి చదివేటప్పుడూ ధారాళంగా పలుకుతారు. మీ పొరుగున అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసుగారి వంటి హరికథకుల సంప్రదాయం ఉన్న నేల మీది పిల్లవాడికి పద్యానికి కొదవ ఉండదు కదా. అయితే రెండు హెచ్చరికలు చేయక తప్పదు. క్రౌచ్ మాస్టారి పద్ధతి ఆ కుర్రవాడికి పనికివచ్చింది, కానీ అందరు పిల్లలనూ అలా తరగతి ముందు నిలబెడితే కొందరు మరింత ముడుచుకుపోతారు. రెండవది, పద్యం చదివినంత మాత్రాన నత్తి పోదు. తనకు నయమైందని జోన్స్ ఎన్నడూ చెప్పుకోలేదు, జీవితాంతం దానితో సర్దుకుంటూ పనిచేశానన్నదే ఆయన మాట. కాబట్టి పద్యంతో పాటు మాటల శిక్షణ నిపుణులకు కూడా ఒకసారి చూపించండి.

ప్రశ్న: నలభై ఏళ్లు పరిషత్తు పోటీల్లో నాటకాలు ఆడినవాణ్ని. గొంతు బాగుంటే చాలు, నటన వచ్చేసినట్టేనని అనుకునేవారిని చాలామందిని చూశాను. ఈయన నిజంగా రంగస్థల నటుడా, లేక గంభీరమైన గొంతుతో నెట్టుకొచ్చిన సినిమా మనిషా? (ఒక కళాకారుడు, ఆమదాలవలస)

జవాబు: మాస్టారూ, ఆయన ముందు రంగస్థలం మనిషి, తరువాతే మరేదైనా. మిషిగన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య కోసం చేరి నాటకశాఖకు మారారు. సైన్యంలో కొంతకాలం అధికారిగా పనిచేశారు. మానిస్టీ అనే ఊరిలోని రామ్స్‌డెల్ నాటకశాలలో మొదట పట్టింది సుత్తీ రంపమూ. అక్కడ రంగాలంకరణకు చెక్కపని చేసి, తరువాత స్టేజీ మేనేజరై, ఆ వేదిక మీదే మొదటిసారి షేక్స్‌పియర్ నాటకంలోని ఒథెల్లో పాత్ర ధరించారు. న్యూయార్క్ చేరాక పొట్ట గడవడానికి నేలలు తుడిచే పని కూడా చేశారు.

న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలున్న ప్రాంతాన్ని బ్రాడ్‌వే అంటారు. 1958లో అక్కడి కోర్ట్ నాటకశాలలో, మాజీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జీవితం మీద ఆడిన నాటకంలో ఆయనకు ఇంటి పనివాడి వేషం దొరికింది. రూజ్‌వెల్ట్ భార్యను పేరుతో సంబోధించి భోజనం సిద్ధమైందని చెప్పడమే ఆయన వంతు. సంబోధనలోని మొదటి అక్షరం మకారం. ఒక రాత్రి ఆ అక్షరం దగ్గరే నత్తి పట్టేసిందని ఆయనే నవ్వుతూ చెప్పుకునేవారు. ఆ నాటకశాలకు 2022లో ఆయన పేరే పెట్టారు. పరిషత్తు పోటీల్లో తెర వెనుక నిలబడి ఒక్క ముక్క డైలాగు కోసం చెమటలు కక్కినవారికి ఈ సంగతి ఎంత తృప్తినిస్తుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

1961లో ఫ్రెంచి రచయిత జెనే రాసిన 'ది బ్లాక్స్' నాటకంలో సిసిలీ టైసన్, మాయా ఏంజెలో వంటివారితో కలిసి నటించారు. 1968లో హొవార్డ్ శాక్లర్ నాటకం 'ది గ్రేట్ వైట్ హోప్' ఆయనను అగ్రస్థానంలో నిలబెట్టింది. ప్రపంచ హెవీవెయిట్ కిరీటం గెలిచిన మొదటి నల్లజాతి ముష్టియోధుడు జాక్ జాన్సన్ జీవితమే దానికి ఆధారం. వాషింగ్టన్‌లో మొదలై బ్రాడ్‌వేకు వచ్చిన ఆ నాటకం అక్కడ 546 ప్రదర్శనలు ఆడింది. బ్రాడ్‌వేలో సాధారణంగా వారానికి ఎనిమిది ప్రదర్శనలు ఉంటాయి. మన పరిషత్తులో ఆ రాత్రి తెర పడితే మళ్లీ ఏ ఊరిలో ఎప్పుడో. అక్కడ నిన్న ఏడ్చిన చోటనే ఈరోజు మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి ఏడవాలి, ఆ ఏడుపు నిన్నటి నకలు కాకూడదు. గంభీరమైన గొంతు మొదటి వారం వరకే కాపాడుతుంది, ఆ తరువాత ఆదుకునేది శ్వాస మీద అదుపూ మాట మీద గౌరవమూ. ఈ పాత్రకే ఆయన 1969లో, బ్రాడ్‌వే నాటకాలకు ఇచ్చే టోనీ బహుమతి అందుకున్నారు.

నా మట్టుకు ఆయన శిఖరం అది కాదు, 1987లో బ్రాడ్‌వేకు వచ్చిన 'ఫెన్సెస్'. దాన్ని రాసినది ఆగస్ట్ విల్సన్. పిట్స్‌బర్గ్‌లో తాను పుట్టిపెరిగిన నల్లవారి పేటలోని మాటతీరునే నాటకభాషగా చేసుకుని, ఇరవయ్యో శతాబ్దంలోని ఒక్కొక్క దశాబ్దానికి ఒక్కొక్కటి చొప్పున పది నాటకాలు రాసినవాడు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన 'కన్యాశుల్కం'లో గురజాడ మన ఇళ్లలోని మాటను వేదిక ఎక్కించిన సంగతి తెలిసినవారికి విల్సన్ చేసిన పని విలువ వెంటనే బోధపడుతుంది. ఇందులో జోన్స్ పాత్ర ట్రాయ్ మాక్సన్, చెత్త ఎత్తే కార్మికుడు. కుర్రతనంలో బేస్‌బాల్ గొప్పగా ఆడినా, నల్లవాడైన కారణంగా పెద్ద జట్లలో చోటు దొరకలేదు. ఆ చేదుతోనే, ఆటలో పైకి వస్తున్న కొడుకు దారికి అడ్డుపడతాడు. నన్ను ఎప్పుడూ ఎందుకు ఇష్టపడలేదని కొడుకు అడిగినప్పుడు, నీకు తిండి పెట్టడం నా బాధ్యత, ఇష్టపడాలని ఏ చట్టంలో ఉందని తండ్రి ఎదురు ప్రశ్నిస్తాడు. అక్కడ గొంతు గర్జిస్తే చప్పట్లు పడతాయి గాని పాత్ర చచ్చిపోతుంది. ఆ పాత్రకు ఆయనకు రెండవ టోనీ వచ్చింది.

షేక్స్‌పియర్ విషయానికి వస్తే, 1973లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో లియర్ రాజుగా, 1982లో బ్రాడ్‌వేలో క్రిస్టఫర్ ప్లమర్ ప్రతినాయకుడు ఇయాగోగా ఉండగా ఒథెల్లోగా నటించారు. ఎనభై నాలుగేళ్ల వయసులో, 2015లో, పాత సహనటి సిసిలీ టైసన్‌తో కలిసి 'ది జిన్ గేమ్'లో మళ్లీ బ్రాడ్‌వే ఎక్కారు.

ప్రశ్న: 'స్టార్ వార్స్'లో డార్త్ వేడర్ గొంతు ఆయనదే అయినప్పుడు మొదటి సినిమాలో పేరు ఎందుకు వేయలేదు? ఎవరైనా అన్యాయం చేశారా? (ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, రాజాం)

జవాబు: అన్యాయమేమీ లేదు, వద్దన్నది ఆయనే. 1977లో వచ్చిన ఆ అంతరిక్ష యుద్ధ చిత్రంలో డార్త్ వేడర్ ప్రతినాయకుడు. నల్లటి కవచం ధరించి ఆ పాత్రగా నడిచినవాడు డేవిడ్ ప్రౌస్ అనే ఇంగ్లండు నటుడు. ముసుగులోంచి వినిపించే ఊపిరి చప్పుడు, నీటి అడుగున ఈదేవారు వాడే శ్వాస పరికరం నుంచి శబ్దకారుడు బెన్ బర్ట్ పట్టినది. జోన్స్ ఇచ్చింది మాట మాత్రమే. కొన్ని గంటల పని, ఏడు వేల డాలర్ల ప్రతిఫలం. తాను ఆ చిత్రంలో నటుణ్ని కాదని, ప్రత్యేక ప్రభావాలలో (స్పెషల్ ఎఫెక్ట్స్) ఒక భాగాన్నని భావించి మొదటి రెండు చిత్రాలలోనూ పేరు వద్దన్నారు. 1983లో వచ్చిన మూడవ చిత్రంలో పేరు పడింది. ఇది వినయమా, రంగస్థల నటుడి పట్టుదలా అన్నది మీరే తేల్చుకోండి. ఒళ్లంతా కనిపించకుండా చేసినదాన్ని వేషం అనడానికి ఆయన మనసు ఒప్పుకోలేదేమోనని నాకు అనిపిస్తుంది.

మీ ఉత్తరంలో 'లయన్ కింగ్' చిత్రంలోని సింహరాజు ముఫాసా గొంతు గురించి కూడా మెచ్చుకుంటూ రాశారు. 1994, 2019 ఇంగ్లిషు చిత్రాలు రెండింటిలోనూ ఆ గొంతు జోన్స్‌దే. మీరు 2019 నాటి చిత్రాన్ని తెలుగులో చూసి ఉంటే మాత్రం మీరు విన్నది మన పి. రవిశంకర్ గొంతు. ఒకసారి ఇంగ్లిషులో వినండి.

ప్రశ్న: ఆయన తండ్రి కూడా నటుడేనని ఎక్కడో చదివాను. వదిలేసి వెళ్లిన తండ్రితో ఆయన మళ్లీ మాట్లాడారా? (ఒక గృహిణి, పలాస)

జవాబు: మాట్లాడారు. తండ్రి రాబర్ట్ ఎర్ల్ జోన్స్ మొదట ముష్టియోధుడు, తరువాత నటుడు. కమ్యూనిస్టు సానుభూతిపరుల వేట సాగిన రోజుల్లో నిషిద్ధుల జాబితాకెక్కి సినిమాలు పోగొట్టుకున్నారు. 1973 నాటి 'ది స్టింగ్' చూసినవారికి ఆయన ముఖం గుర్తుండవచ్చు. తండ్రీ కొడుకులు దగ్గరైనది కొడుక్కి ఇరవై ఏళ్లు దాటాకే, అదీ న్యూయార్క్‌లో, నాటకం చలవ వల్లే. కొన్ని నాటకాల్లో కలిసి నటించారు కూడా. ముష్టియోధుడి పాత్రతో పేరు తెచ్చుకుని, కొడుకుతో తగవుపడే తండ్రి పాత్రతో శిఖరానికి చేరిన నటుడి ఇంటి కథ ఇది.

ప్రశ్న: ఆస్కార్ వచ్చిందా? (ఒక పాఠకుడు, చీపురుపల్లి)

జవాబు: పోటీలో రాలేదు. 'ది గ్రేట్ వైట్ హోప్' 1970లో సినిమాగా వచ్చినప్పుడు ఉత్తమ నటుడి పోటీకి ఎంపికయ్యారు. సిడ్నీ పోయిటియర్ తరువాత ఆ విభాగానికి ఎంపికైన రెండవ నల్లజాతి నటుడు ఆయనే. గౌరవ ఆస్కార్ 2011లో వచ్చింది. అప్పుడు ఆయన లండన్‌లో నాటకం ఆడుతున్నారు, సభకు వెళ్లలేదు. మన గాంధీ పాత్రధారి బెన్ కింగ్స్‌లీ ఆ నాటకశాలకే వచ్చి, ప్రేక్షకుల ఎదుట వేదిక మీదనే బొమ్మను చేతికిచ్చారు.

ప్రశ్న: ఆటోకు మైకు కట్టి ఊళ్లలో తిప్పే ప్రకటనలకు గొంతు ఇవ్వడం నా జీవనోపాధి. ఈమధ్య ఆ పని కంప్యూటర్ గొంతుకు పోతోంది. జోన్స్ గొంతును కూడా యంత్రానికి ఎక్కించారట, నిజమేనా? (విజయనగరం)

జవాబు: నిజమే, కానీ ఆయన సమ్మతితో. వయసు మీద పడి గొంతు మారడంతో, తన పాత రికార్డింగుల నుంచి డార్త్ వేడర్ మాటలను తయారుచేసుకోవడానికి ఆయన అనుమతించారు. 2022లో వచ్చిన 'ఓబీ-వాన్ కెనోబీ' ధారావాహిక కోసం ఉక్రెయిన్‌కు చెందిన రెస్పీచర్ సంస్థ ఆ పని చేసింది. ఆయన 2024 సెప్టెంబరు 9న, తొంభై మూడేళ్ల వయసులో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఒక వీడియో ఆటలో ఆటగాళ్ల ప్రశ్నలకు అప్పటికప్పుడు జవాబిచ్చే కృత్రిమ గొంతుగా డార్త్ వేడర్ వచ్చాడు. కుటుంబం ఒప్పుకుంది. అయినా అమెరికా నటుల సంఘం దాని మీద ఫిర్యాదు చేసింది. ఆ గొంతును అనుకరించి పొట్టపోసుకునే నటుల పనిని, సంఘంతో చర్చించకుండా యంత్రానికి ఎలా అప్పగిస్తారన్నది వారి ప్రశ్న.

మీ కష్టం ఈ రెండవ రకానికి చెందినది. జోన్స్‌ను అడిగారు, ఆయన ఒప్పుకున్నారు. మిమ్మల్ని అడిగినవారు లేరు. అలా అడగకుండా పనిని యంత్రానికి ఇచ్చేవారిని ఆపే ఉపాయం నా దగ్గర లేదు. చేతిలో ఉన్న పని మాత్రం ఒకటి ఉంది. ఇకమీదట రికార్డు చేసి ఇచ్చేటప్పుడు, ఆ గొంతు ఏ ప్రకటనకు, ఎన్నాళ్లపాటు వాడుకోవచ్చో, దాని నుంచి వేరే మాటలు తయారుచేయకూడదనీ కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. బేరం కుదిరాక కాదు, కుదరకముందే.