పైమిద్దెకు నెట్ రావాలంటే: సుజాతకు పెద్దనాయన లేఖ

కడప

అమ్మా సుజాతా,

నీ మెసేజ్ చూశాను. కొత్త రౌటర్ కొని తెచ్చుకుంటే, లైన్ చూసే అబ్బాయి వచ్చి "మా బాక్సు తప్ప వేరేది పెడితే కనెక్షన్ కట్ అయిపోతుంది" అన్నాడని, అది నిజమేనా అని అడిగావు. సగం నిజం. ఆ సగం ఏదో తెలిస్తే నీకీ టెన్షన్ ఉండదు.

ముందు కింద గోడకున్న బాక్సు దగ్గరికి వెళ్ళి చూడు. ఆకుపచ్చ మూతి ఉన్న సన్నని వైరు ఒకటి అందులోకి వస్తుంది. అదే ఫైబర్. అందులో వచ్చేది కరెంటు కాదు, కాంతి. ఆ బాక్సు సీరియల్ నంబరు కంపెనీ మెషీన్‌లో రాసి ఉంటుంది, ఆ నంబరు ఉన్న బాక్సుకే అది పలుకుతుంది. బజారులో ఇంకోటి కొని తగిలిస్తే పలకదు. అబ్బాయి చెప్పినదాంట్లో నిజం ఇంతవరకే. ఆ సన్నని వైరును నువ్వు పీకొద్దు, మరీ మడవొద్దు, దాని కొన కంటికి ఎదురుగా పెట్టి చూడొద్దు. బాక్సు మీద ఎర్ర లైటు వెలిగితే ముందు ఆ వైరు ఎక్కడైనా నలిగిందేమో చూడు.

నువ్వు కొన్న రౌటర్ ఆ బాక్సు స్థానంలో పెట్టేది కాదు, దాని వెనక పెట్టేది. కరెంటు మీటరు దాకా వాళ్ళది, మీటరు తర్వాత ఫ్యాను ఏ కంపెనీదైనా మన ఇష్టం కదా, ఇదీ అంతే.

సులువైన దారి ఒకటుంది, దానికి ఎవరినీ అడిగే పని లేదు. కింది బాక్సు నుంచి పైకి ఒక ల్యాన్ కేబుల్ లాగించు. మెట్ల పక్కన కరెంటు పైపు ఉంటే అందులో కలపకుండా వేరే పైపులో వేయించు. పైన రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టు. అంటే అది ఇంటర్నెట్ పంచే పెత్తనం తీసుకోదు, వైఫై మాత్రం ఇస్తుంది. నీ ట్యూషన్ పిల్లలకు వీడియో ఆగకుండా పోతుంది. మన ఇళ్ళ గోడలు మందం కాబట్టి, కింద ఎంత మంచి బాక్సు పెట్టినా పైమిద్దెలో సిగ్నల్ తగ్గుతుంది. అందుకే గాలిలో పంపడం కన్నా కేబుల్ మంచిదని నా అభిప్రాయం.

పెత్తనం కూడా నీ రౌటర్‌కే కావాలంటే, పిల్లలకు వేరే నెట్‌వర్క్, నీకు వేరే అని పెట్టుకోవాలంటే, అప్పుడు కంపెనీని అడగాలి. అడగాల్సినవి ఇవి: బాక్సును బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమని (అంటే అది పెత్తనం వదిలేసి లైన్‌ను నీ రౌటర్‌కు దాటిస్తుంది), పీపీపీఓఈ, అంటే లైన్‌లోకి లాగిన్ అయ్యే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇమ్మని, వీల్యాన్ నంబరు (లైన్‌లో ఇంటర్నెట్‌కు వాళ్ళు పెట్టిన గుర్తు నంబరు) ఉంటే చెప్పమని. కొందరు రౌటర్ మ్యాక్ అడ్రస్, అంటే ఆ పరికరం గుర్తింపు నంబరు కూడా అడుగుతారు, అది రౌటర్ అడుగున అంటించిన కాగితం మీదే ఉంటుంది. ల్యాండ్‌లైన్ కూడా అదే బాక్సుకు ఉంటే, బ్రిడ్జ్ చేశాక ఫోన్ మోగుతుందా అని ముందే అడుగు.

లైన్ అబ్బాయి మీద కోపం పెట్టుకోకు. వాడికి పైవాళ్ళు చెప్పింది అదే. నేను స్తంభాలెక్కి పని చేసిన కాలంలో మా టెలిఫోన్ శాఖ కూడా ఇదే మాట అనేది. నల్ల ఫోన్ శాఖదే, వైరు శాఖదే. ఎవరైనా రేడియో షాపులో చేయించిన ఫోన్ తగిలిస్తే మాకు భయం. కారణం లేకపోలేదు. ఇంటి కరెంటు పొరపాటున ఆ వైరులోకి వచ్చిందంటే స్తంభం మీద ఉన్నవాడి చేతికే తగులుతుంది. అమెరికాలో పెద్ద ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ కూడా బయటి పరికరం ఏదీ తగిలించకూడదని నియమం పెట్టింది. మౌత్‌పీస్‌కు తొడిగే గిన్నెలాంటి హష్-ఎ-ఫోన్‌ను కూడా అడ్డుకుంటే 1956లో కోర్టు ఆ నిషేధం చెల్లదంది. తర్వాత టెక్సస్‌లో థామస్ కార్టర్ రేడియోను ఫోన్‌కు కలిపే కార్టర్‌ఫోన్ చేశాడు. 1968లో అక్కడి కమ్యూనికేషన్స్ కమిషన్, నెట్‌వర్క్‌కు హాని చేయని పరికరాన్ని ఆపే హక్కు కంపెనీకి లేదని తేల్చింది. కంపెనీ ఊరుకుందా? మధ్యలో మా రక్షణ పెట్టె అద్దెకు తీసుకోండి అంది. 1975లో పరికరాన్ని పరీక్షించి నమోదు చేసే పద్ధతి వచ్చాకే ఆ పేచీ తీరింది. ఆన్సరింగ్ మెషీన్లు, మోడెమ్‌లు ఇళ్ళలోకి విరివిగా వచ్చింది దాని తర్వాతే.

జర్మనీలో అయితే 2016 ఆగస్టు నుంచి కంపెనీ బాక్సు బదులు మనది పెట్టుకునే హక్కు చట్టంలోనే ఉంది. మన దగ్గర సిమ్ ఫోన్లకు ఆ స్వేచ్ఛ ఎప్పటినుంచో ఉంది, ఏ ఫోన్ కొన్నావని సిమ్ ఇచ్చినవాడు అడగడు. సీడీఎంఏ అనే పాతరకం మొబైల్ ఫోన్ల కాలం నీకు గుర్తుండకపోవచ్చు, కంపెనీ మారాలంటే ఆ ఫోన్‌ను అటక మీద పడేయాల్సి వచ్చేది. టీవీ సెట్‌టాప్ బాక్సులు ఎవరివైనా ఎక్కడైనా పనిచేసేలా ఉండాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020లో సిఫారసు చేసింది. సిఫారసు అయితే చేసింది.

సరే, కంపెనీ వాళ్ళు బ్రిడ్జ్ చేయమంటే చేయం అన్నారనుకో. ఫోన్‌లో వాదించకు. కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు రాయించి డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకో, ఆ నంబరు ఇవ్వడం వాళ్ళ బాధ్యత. నీ దరఖాస్తు ఫారంలో, బిల్లు వెనక నిబంధనల్లో సొంత రౌటర్ వద్దని ఎక్కడుందో చూపించమని మెయిల్ చెయ్యి. ఒక్కోసారి ఈ ప్రశ్నకే పని అయిపోతుంది, ఎందుకంటే అలాంటి వాక్యం చాలాసార్లు ఉండదు. జవాబు నచ్చకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటాడు, ఆయనకు రాయడానికి ఖర్చు లేదు. ఆపై 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. టెలికం గొడవలు కమిషన్ వినకూడదన్న వాదనను 2022లో సుప్రీంకోర్టు కొట్టేసింది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. రెండేళ్ళలోపు వెయ్యాలి. రౌటర్ కోసం అంతదూరం పోవాలా అంటే, నాకైతే అక్కర్లేదనిపిస్తుంది. కానీ కనెక్షన్ కట్ చేసి డబ్బులు తిరిగివ్వకపోతే పోవాల్సిందే.

ఇంకొకటి. మొబైల్ సిగ్నల్ కూడా పైన రావడం లేదని బూస్టర్ కొంటానన్నావు. అది మాత్రం వద్దు. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా అనుకోకు, అనుమతి లేకుండా పెట్టడం నేరం. పైగా వీధిలో అందరి ఫోన్ల సిగ్నల్ పాడవుతుంది. టవర్ వాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. వైఫై బాగుపడ్డాక ఫోన్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకో, టవర్ సిగ్నల్ బదులు వైఫై మీదే కాల్ వెళ్తుంది, చాలు. వైఫై రౌటర్‌కు ఆ ఇబ్బంది లేదు, ఇక్కడ బిల్లుతో అమ్మే మంచి కంపెనీ సరుకైతే టెలికం శాఖ అనుమతి తీసుకునే వస్తుంది. దుబాయ్ నుంచి ఎవరో తెచ్చిన సెకండ్‌హ్యాండ్‌ది మాత్రం తీసుకోకు.

కంపెనీ బాక్సును జాగ్రత్తగా ఉంచు, అది వాళ్ళ ఆస్తి. రేపు కనెక్షన్ మానేసినప్పుడు అడాప్టర్‌తో సహా తిరిగి ఇచ్చి రసీదు రాయించుకో. రసీదు మీద బాక్సు సీరియల్ నంబరు ఉందో లేదో అక్కడే చూసుకో.

మీ పెద్దనాయన