పాత్రలు మనుషుల్లా అనిపించాలంటే

మీ అంతరిక్ష సీరియల్ స్క్రిప్టులో పాత్రలన్నీ యంత్రాల గురించి పాఠం చెబుతున్నట్టున్నాయని, మనుషుల్లా అనిపించట్లేదని బాధపడ్డారు కదండీ. ఒక్క పని చేయండి. 2004లో వచ్చిన ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ సిరీస్‌లో ‘33’ అనే ఎపిసోడ్ చూడండి. మిగిలిన కొద్దిమంది మనుషులు అంతరిక్ష ఓడల్లో పారిపోతుంటే, శత్రువులు ప్రతి 33 నిమిషాలకూ వచ్చి మీద పడుతుంటారు. ఐదు రోజులుగా ఎవరికీ కంటిమీద కునుకు లేదు. కాంతిని మించిన వేగంతో ఓడ ఎలా దూకుతుందో వివరిస్తూ కూర్చోరు. మెలకువ మాత్రలు మింగే విషయంలో పైలట్లు గొడవపడతారు. బతికున్నవాళ్ల లెక్కను అధ్యక్షురాలు తెల్లబోర్డు మీద చెరిపి, మళ్లీ రాస్తుంటుంది. చివర్లో ఓ బిడ్డ పుడితే ఆ లెక్కకు ఒకటి కలుపుతుంది. నాకైతే అక్కడ గొంతు పట్టేసింది.

ఇక మీ సీను. ఇంజనీరు రియాక్టర్ గురించి చెప్పే పది లైన్లలో రెండే ఉంచండి. అతను రెండు రోజులుగా తిండి తినలేదనుకోండి. చేతులు వణికి స్పానర్ జారిపోతుంది, పక్కనున్న కుర్రాడి మీద విసుక్కుంటాడు. రియాక్టర్ ఎంత ప్రమాదంలో ఉందో ఆ విసుగులోనే తెలిసిపోతుంది. మార్చాక ఇక్కడే పెట్టండి, తప్పకుండా చదువుతాను.