తమిళం అంతగా రాకపోయినా చెన్నైలో చిన్న కామెడీ షోలు, జానపద సంగీతం ఆస్వాదించవచ్చా?

ఉద్యోగానికి కొత్తగా చెన్నై వచ్చానని, సంగీత సభల్లో కచేరీలు తప్ప ఇంకేమీ కనిపించడం లేదని, తమిళం అంతంతమాత్రమేనని రాశారు. భాష గురించి టెన్షన్ పడకండి. ముందు జానపదంతో మొదలుపెట్టండి, కామెడీ సంగతి తర్వాత. నేను పెరంబూరులో ఉంటాను. 29సి బస్సెక్కితే నేరుగా బెసెంట్ నగర్‌లో దిగొచ్చు, ఇవన్నీ నాకు అలా అలవాటయ్యాయి.

సంక్రాంతికి ఊరెళ్లకపోతే మీ అదృష్టం. 2007లో మొదలైన చెన్నై సంగమం అనే జానపద కళల పండగ కొన్నేళ్లు ఆగిపోయింది, 2023లో ప్రభుత్వం మళ్లీ మొదలుపెట్టింది. పార్కుల్లో, మైదానాల్లో, బీచ్‌లో పరై (మన డప్పులాంటి వాయిద్యం), తల మీద కుండతో ఆడే కరగాట్టం, కీలుగుర్రం ఆట పొయ్‌క్కాల్ కుదిరై, విల్లుతో కథ చెప్పే విల్లుపాట్టు చూడొచ్చు. టికెట్ ఉండదు. కాస్త ముందుగా వెళ్లి, కళాకారులు సిద్ధమయ్యే చోట నిలబడండి. చిన్న మంట వేసి, పరైని దాని ముందు తిప్పుతూ కాచుకుంటారు. మధ్యమధ్యలో వేలితో కొట్టి చెవి పెట్టి వింటారు. సముద్రపు గాలి తేమకి తోలు వదులై మోత పడిపోతుంది, కాగితే గానీ బిగుసుకోదు. మన డప్పుకీ ఇదే పద్ధతి. ఆ మొదటి దెబ్బ దగ్గర నిలబడి వింటే గుండెల్లో తగులుతుంది, స్పీకర్లో ఆ అనుభవం రాదు.

విల్లుపాట్టు మాత్రం అస్సలు వదలకండి. గజ్జెలు కట్టిన పెద్ద విల్లుని కుండ మీద ఆనించి, పుల్లలతో నారి మీద కొడుతూ కథ చెబుతారు. పక్కవాళ్లు "ఆమా" (అవును) అంటూ అందుకుంటారు. బుర్రకథ వింటూ పెరిగినవాళ్లకి ఆ పట్టు వెంటనే దొరుకుతుంది. తమిళ వీధి నాటకం తెరుక్కూత్తులో అయితే కట్టియంగారన్ అనే హాస్యగాడు పురాణ కథ మధ్యలోకి దూరి, నిన్నటి కరెంటు కోత మీద కూడా ఒక మాట విసిరి పోతాడు. మీరడిగిన రెండూ అక్కడ ఒకే చోట దొరుకుతాయి.

బెసెంట్ నగర్ పక్కనే ఉన్న మత్స్యకారుల పేట ఊరూర్ ఆల్కాట్ కుప్పంలో 2015లో ఒక విళా (ఉత్సవం) మొదలైంది. కర్ణాటక సంగీతాన్నీ పరైనీ ఒకే వేదిక మీదికి తెచ్చారు. గానా పాటల మీద ఆసక్తి ఉంటే డిసెంబరులో 'మార్గళియిల్ మక్కళిసై' అనే సంగీతోత్సవం ఎప్పుడో కనుక్కోండి. సినీ దర్శకుడు పా. రంజిత్ స్థాపించిన నీలం సాంస్కృతిక కేంద్రం దాన్ని 2020లో మొదలుపెట్టింది. ఉత్తర చెన్నైలో చావు ఇళ్ల దగ్గర రాత్రంతా పాడే గానా, కర్ణాటక సంగీత సభల సీజన్ నడుస్తుండగానే వేదికెక్కడం నాకు చాలా గొప్ప విషయంగా అనిపిస్తుంది.

ఇక కామెడీ. అడయార్, ఆళ్వార్‌పేట వైపు చిన్న గదుల్లో జరిగే ఓపెన్ మైక్‌లకి, అంటే కొత్తవాళ్లు కూడా మైకు పట్టుకుని జోకులు చెప్పి చూసుకునే షోలకి వెళ్లండి. ఇంగ్లిష్ షోలు ఉంటాయి, తమిళం కలిపినా సగానికి పైగా అర్థమవుతుంది. పేరున్నవాళ్ల షోకన్నా నాకు ఇవే ఇష్టం, ఎందుకంటే జోకు తయారవడం కళ్లముందే కనిపిస్తుంది. నీళ్ల లారీ కోసం బిందెలు పట్టుకుని పరిగెత్తడం గురించి ఒక కుర్రాడు చాలాసేపు చెప్పాడు, ఎవరూ పెద్దగా నవ్వలేదు. కొన్ని వారాలకి అదే జోకుని రెండు వాక్యాలకి కుదించి, చివర వాళ్లమ్మ అరుపొక్కటే ఉంచాడు. గది దద్దరిల్లింది. అందుకే ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లండి. ముందు వరుసలో కూర్చుంటే ఏ ఊరని అడుగుతారు, మొహమాటపడకుండా చెప్పండి.

ఒంటరిగా వెళ్లొచ్చా అన్నారు కదా, నిశ్చింతగా వెళ్లండి. జానపద బృందాలవాళ్లు ఆట అయ్యాక సామాను సర్దుకుంటూ కాసేపు అక్కడే ఉంటారు. పలకరిస్తే వాళ్ల ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఓపికగా చెబుతారు. ఫోన్ నంబరు అడిగి తీసుకోండి. మా అపార్ట్‌మెంట్ పండక్కి డీజే బదులు అలాగే ఒక పరై బృందాన్ని పిలిచాం.