ఫర్నిచర్ పని తెలిసినవాడు చేత్తో గిటార్లు తయారుచేసే పనిలోకి ఎలా రావాలి?

తమ్ముడూ, ఒంగోలులో ఆరేళ్లుగా ఫర్నిచర్ పని చేస్తున్నానని, చర్చిలో గిటారు వాయిస్తానని, ఇప్పుడు చేత్తో గిటార్లు తయారుచేయడం నేర్చుకోవాలని ఉందని రాశావు. ఎక్కడ మొదలుపెట్టాలి, దాంతో ఇల్లు గడుస్తుందా అని అడిగావు. మాది కావలి. మా నాన్న ద్వారబంధాలు, తలుపులు చేసేవాడు. నేనూ ఆయన దగ్గరే ఉలి పట్టాను. గిటార్ల పనిలోకి వచ్చి పదిహేనేళ్లు దాటింది.

ఉలి, చిత్రిక, రంపం వచ్చు కాబట్టి సగం పని వచ్చేసినట్టే అని నీతో చాలామంది అంటారు. నాతోనూ అట్టాగే అన్నారు. నిజమే గానీ, చిక్కంతా మనకు వచ్చిన ఆ సగంలోనే ఉంది. మనం నేర్చుకున్నది వస్తువును గట్టిగా చేయడం. మంచం మీద పదిమంది కూర్చున్నా కిర్రుమనకూడదు, తలుపు మనవళ్ల కాలం దాకా ఉండాలి. గిటారుకు బిగించిన ఆరు స్టీలు తీగలు కలిసి దాదాపు డెబ్బై కిలోల బరువుతో లాగుతుంటాయి. ఆ లాగుడు తట్టుకునే ముందు పలక మందం సుమారు మూడు మిల్లీమీటర్లే. అంతకంటే మందం పెంచితే నిక్షేపంలా నిలబడుతుంది, కానీ పలకదు. ఎంత కలప తీసేస్తే విరక్కుండా పలుకుతుందో తెలుసుకోవడమే ఈ పని. నాకు ఏళ్లు పట్టింది అందుకే.

మా వీధి చర్చిలో గిటారు బ్రిడ్జి, అంటే ముందు పలక మీద తీగలు కట్టే చెక్కముక్క, ఊడిపోతే అతికించమని మా కొట్టుకు తెచ్చారు. రంధ్రంలోంచి టార్చి వేసి, చిన్న అద్దం లోపలికి పెట్టి చూశాను. పలక వెనక సన్నటి బద్దలు, రెండు పెద్దవి ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతూ కనిపించాయి. రాత్రి నిద్ర పట్టలేదు. రెండు నెలల్లో టేకుతో ఒకటి చేసేశాను. ముందు పలక ఐదు మిల్లీమీటర్లు పెట్టాను, లోపలి బద్దలు బొటనవేలంత. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని వేలితో తట్టి, "పెట్టె బాగా చేశావురా" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ తర్వాత స్పెయిన్‌లోని అల్మేరియాకు చెందిన అంతోనియో దె తోర్రెస్ గురించి తెలిసింది. 1817లో పుట్టాడు. ఆయనా వడ్రంగి పనితోనే మొదలుపెట్టాడు. ఇవాళ్టి క్లాసికల్ గిటారు ఆకారం చాలావరకు ఆయన చేతిలో స్థిరపడిందే. 1862లో ఆయన ఒక గిటారుకు వీపు, పక్కలు అట్టతో చేసి, ముందు పలక మాత్రం మంచి కలపతో పెట్టాడు. శబ్దం ముఖ్యంగా ముందు పలకదే అని చూపించడానికి. అది చదివాక నేను వీపుకు ఏ కలప, ఎంత నగిషీ అన్న ఆలోచన పక్కన పెట్టి ముందు పలక మీదే కూర్చున్నాను.

మందం తెలియడానికి నాకు బాగా సాయపడింది మన నెల్లూరు జిల్లా ఉదయగిరి. అక్కడ చెక్క గరిటెలు, చెంచాలు చేసేవాళ్ల దగ్గర నాలుగు రోజులు కూర్చున్నాను. కొలబద్ద ముట్టుకోరు. బొటనవేలు, చూపుడువేలు మధ్య చెంచా అంచును పట్టుకుని నడిపిస్తారు, ఎక్కడ మందం ఉందో అక్కడే ఆకురాయి పడుతుంది. ఇప్పుడు నేను కాలిపర్ వాడినా, చివరి అర మిల్లీమీటరు తీసేది వేళ్ల మాట విని, చెవి మాట విని. పలకను పై అంచు దగ్గర రెండు వేళ్లతో వేలాడదీసి మెటికతో కొట్టు. మందంగా ఉన్నప్పుడు టక్కుమంటుంది. తీస్తూ పోతే ఒకచోట కంచు గిన్నెలా మోగుతుంది. అక్కడ చిత్రిక కింద పెట్టెయ్.

ఇక మన సముద్రపు గాలి. నేను పెద్ద దెబ్బ తిన్నది దీంతోనే, కాబట్టి దీన్ని వివరంగా చెబుతాను. ఒక ఏడు నవంబరులో, వానలు పడుతుండగా, బద్దలు అంటించి గిటారు పూర్తిచేశాను. హైదరాబాదులో ఉద్యోగం చేసే ఒకబ్బాయి కొనుక్కున్నాడు. మే నెలలో ఫోటో పంపాడు, బ్రిడ్జి కింద నుంచి అంచు దాకా చీలిక. వాడు కింద పడేయలేదు, ఏసీ గదిలో గోడకు తగిలించుకున్నాడంతే. తప్పు నాదే. కలప తేమ పీలిస్తే రేఖలకు అడ్డంగా ఉబ్బుతుంది, ఆరితే అడ్డంగానే కుంచించుకుంటుంది, పొడవులో దాదాపు కదలదు. తడిగాలిలో ఉబ్బి ఉన్న పలకకు అడ్డంగా బద్దలు అంటించాను. పొడిగాలిలో పలక కుంచించుకోవాలని చూసింది, బద్ద కదలనివ్వలేదు, చీలింది. నిజానికి ఈ సంగతి మనకు తెలిసిందే. తలుపు పలకను ఫ్రేము గాడిలో జిగురు పెట్టకుండా వదులుగా కూర్చోబెట్టేది ఇందుకే కదా. తలుపు దగ్గర తెలిసిన సంగతి గిటారు దగ్గర గుర్తుకు రాలేదు. ఆ అబ్బాయికి కొత్త పలక వేసి ఇచ్చాను.

అప్పటినుంచి పాత బీరువా ఒకదాన్ని ఆరబెట్టే పెట్టెగా మార్చుకున్నాను. లోపల అరవై వాట్ల బల్బు, గాలిలో తేమ కొలిచే చిన్న మీటరు. ముల్లు నలభై ఐదు శాతం దగ్గర నిలిచి, పలక అక్కడ వారం రోజులు ఉన్నాకే బద్దలు అంటిస్తాను. నీది ఒంగోలు, సముద్రం నీకూ దగ్గరే. గిటారుకు రంపం కొనేముందు ఆ మీటరు కొను.

జిగురు సంగతీ అంతే. మనం ఫర్నిచర్‌కు వాడే మామూలు తెల్ల జిగురు ఎండలో మెత్తబడి, లాగుడుకు మెల్లగా జారుతుంది. కారులో ఎండకు ఉంచిన గిటారు బ్రిడ్జి లేచిపోయేది చాలాసార్లు అందుకే. తోలు ఉడికించి తీసే పాతకాలపు జిగురుగానీ, వాయిద్యాల కోసం అమ్మే గట్టిపడే రకంగానీ వాడు.

ఫ్రెట్లు అంటే నెక్, అదే గిటారు మెడ, మీద అడ్డంగా దిగేసే లోహపు తీగలు. వాటి గాడులను టేపుతో కొలిచి కోయొద్దు. నట్, అంటే మెడ పై చివర తీగలు ఆనే పట్టీ, అక్కడి నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు 648 మిల్లీమీటర్లు అనుకో. దాన్ని 17.817తో భాగిస్తే 36.37, మొదటి ఫ్రెట్ అక్కడ. మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగించి, వచ్చినదాన్ని ముందుదానికి కలిపితే రెండోది. పన్నెండోది సరిగ్గా సగంలో, 324 దగ్గర పడితే లెక్క కుదిరినట్టు. అన్నిటినీ నట్ నుంచే కొలిచి గీతలు పెట్టు. ఒక ఫ్రెట్ నుంచి ఇంకోదానికి కొలిస్తే చిన్న చిన్న తప్పులు పోగవుతాయి.

కలప విషయానికొస్తే, ముందు పలకకు వాడే స్ప్రూస్ అనే తేలిక కలప బయటి దేశాల నుంచే వస్తుంది. వీపుకు, పక్కలకు జిట్రేగి, అంటే రోజ్‌వుడ్, మన దేశానిదే. ప్రపంచమంతా వాడతారు. పాత మిద్దెలు పడగొట్టినప్పుడు దొరికే టేకు కూడా పనికొస్తుంది, ఏళ్ల తరబడి ఆరి ఉంటుంది. సామిల్లులో పలక చివర చూస్తే రేఖలు దాని మందంలో నిలువుగా కనిపించేలా కోయించు, పక్కనే నిలబడు. ఎర్రచందనంతో చేయమని అడిగేవాళ్లు వస్తారు, అది పెరిగే రాపూరు కొండలు పక్కనే ఉన్నాయి కదా అని. కాగితాలు లేని ఎర్రచందనం చిన్న ముక్క కూడా కొట్లో పెట్టుకోకు. ఎంత డబ్బు ఇస్తామన్నా సరే.

ఇల్లు గడుస్తుందా అంటే, నాకు ఒక గిటారుకు రెండున్నర నెలలు పడుతుంది. నలభై ఐదు వేలకు అమ్ముతాను, అందులో సరుకుకే పద్దెనిమిది, ఇరవై పోతుంది. ఏడాదికి నాలుగైదు. మిగతాది రిపేర్లు, తలుపులు. తలుపుల పని మానలేదు, నువ్వూ ఫర్నిచర్ మానకు. రిపేర్లను మాత్రం చిన్నచూపు చూడకు. మొదటి మూడేళ్లు నేను విరిగిన గిటార్లే విప్పాను, ఎక్కడ ఊడింది, ఎందుకు ఊడింది అన్నది ఒక నోటు పుస్తకంలో బొమ్మ గీసి రాసుకున్నాను. నాకు బడి అదే.

చర్చిలో మూలన పడేసిన పాత గిటారు ఏదైనా ఉంటే అడిగి తెచ్చుకుని వీపు విప్పు. బద్దల మందాలు, ఎత్తులు అన్నీ కొలిచి రాసుకో. వానలు మొదలయ్యాయి, సంక్రాంతి దాకా ముందు పలక జోలికి వెళ్లకు. ఈలోగా నెక్ చెక్కుతూ ఉండు. చెక్కింది చేత్తో పట్టుకుని చూసి, ఇంకా లావుగా ఉందనిపిస్తే మళ్లీ తీయి.