అర్ధరాత్రి అక్కడ లేని కోట

అమ్మాయ్,

వెల్ష్ పురాణాల్లోని అరియన్‌రోద్ మీద, ఆకాశంలో ఆవిడ చుక్కల కోట మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి హాయిగా, రెండోసారి పెన్సిలు పట్టుకుని. వేల్స్‌లోని కార్డిఫ్‌లో, పాతకాలపు సెల్టిక్ పురోహితుల బాట పట్టిన మీ డ్రూయిడ్ బృందం నడిచలికాలపు యూల్ పండుగ రాత్రి నెగడు చుట్టూ కూర్చుని వినడానికి రాశానన్నావు. చెవికి రాసినట్టే ఉంది, ఎక్కడా ఊపిరి తడుముకోనక్కర్లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఇక మిగిలినవన్నీ చీవాట్లే కాబట్టి.

"వేల ఏళ్ళుగా వేల్స్ తల్లులు బిడ్డలకు చెప్పుకుంటూ వస్తున్న కథ" అని ఎత్తుకున్నావు. ఎవరు చెప్పారమ్మా? అరియన్‌రోద్ కథ మనకు దక్కింది మధ్యయుగపు వెల్ష్ కథల సంపుటి మబినోగి నాలుగో భాగంలో. దాని రాతప్రతులు 14వ శతాబ్ది నాటివి. అందులో ఆవిడ కోట ఉన్నది సముద్రం దగ్గర, ఆకాశంలో కాదు. ఉత్తర వేల్స్ తీరంలో ఆటు వేళ బయటపడే ఒక రాళ్ళదిబ్బను ఇప్పటికీ కైర్ అరియన్‌రోద్ అనే పిలుస్తారు. ఉత్తర కిరీటం అనే చుక్కల గుంపుకు వెల్ష్‌లో అదే పేరు ఉన్నమాట నిజమే. చనిపోయినవాళ్ళు ఆ చుక్కల కోటకు చేరి మళ్ళీ పుట్టడానికి కాచుకుంటారని నువ్వు రాసింది మాత్రం మబినోగిలో లేదు. అది క్రైస్తవానికి ముందటి మతాలను మళ్ళీ పాటిస్తున్న ఈ కాలపు పేగన్‌లలో చెల్లుతున్న మాట. అల్లుకోవడంలో తప్పేం లేదు. అల్లింది దాచడమే నాకు మింగుడుపడదు.

మీ యూల్ పండుగను ఆల్బన్ ఆర్థన్ అంటామన్నావు చూడు, ఆ పేరు యోలో మోర్గానుగ్ రాతల్లోంచి వచ్చింది. మీ గ్లమోర్గన్ మనిషే, రాతిపని చేసుకు బతికినవాడు. 1792లో లండన్ ప్రిమ్‌రోజ్ హిల్ మీద రాళ్ళు గుండ్రంగా పేర్చి డ్రూయిడ్ కవుల సభ జరిపి, ఇది అనాదిగా వస్తున్న ఆచారమన్నాడు. పాత ప్రతులని ఆయన చూపినవాటిలో చాలా భాగం సొంత కల్పన. 20వ శతాబ్దిలో పరిశోధకులు ఆ గుట్టు విప్పారు. సభ మాత్రం ఆగలేదు. ఈనాటికీ వేల్స్ జాతీయ కవితా సంగీతోత్సవం ఐస్టెడ్‌వోడ్‌లో జరుగుతూనే ఉంది. ఆయన రాసిన ప్రార్థనను డ్రూయిడ్‌లు చదువుతూనే ఉన్నారు. అంత కల్పనాశక్తి ఉన్నవాడికి పాతదని బొంకాల్సిన ఖర్మేమిటో నాకు ఎప్పటికీ అర్థంకాదు. ఆయన నిజంగా సేకరించినవాటిని కూడా ఇప్పుడు అటూఇటూ తిప్పి చూడాల్సి వస్తోంది.

నేనూ ఈ వెధవ పని చేశానులే. కుర్రతనంలో ఓ వారపత్రికకు పిల్లలకోడి చుక్కల మీద, అంటే కృత్తికల మీద, కథ రాసి, "మా ఊళ్ళో తాతల నాటి కథ" అని కింద తగిలించాను. అందులో పిల్లాడు నడి వైశాఖంలో డాబా మీద నులకమంచం వేసుకుని, వెల్లకిలా పడుకుని కోడిపిల్లల్ని లెక్కపెడతాడు. మా మేనత్త చదవించుకుని విని, "ఏ తాత చెప్పాడ్రా? కృత్తిక కార్తెలో పిల్లలకోడి నీకెక్కడ కనపడింది?" అంది. కృత్తిక కార్తె అంటేనే సూర్యుడు ఆ చుక్కల్లో ఉన్న రోజులు. కోడి ఎండలో కలిసిపోయి ఉంటుంది. అక్షరం రాని మనిషి నా అబద్ధాలు రెండూ ఒక్క ఊపులో పట్టేసింది.

నీ కథలోనూ అదే జరిగింది. ఏడాదిలోకెల్లా పొడుగు రాత్రి, సరిగ్గా అర్ధరాత్రి, అరియన్‌రోద్ కోట నడినెత్తిన మెరుస్తుందన్నావు. కార్డిఫ్ అక్షాంశానికి లెక్కవేసి చూశాను. డిసెంబరు 21న ఉత్తర కిరీటం సాయంత్రం ఆరు దాటాక వాయవ్యంలో దిగిపోతుంది. మళ్ళీ ఈశాన్యంలో పొడిచేది రాత్రి ఒంటిగంట దాటాకే. మీరంతా తలెత్తి చూసే వేళకు అక్కడ కోట లేదు!

అయితే కొట్టివేయకు. కొడుక్కి పేరు పెట్టనని పంతం పట్టిన తల్లి ఆవిడ. ఆవిడ అన్న, మంత్రగాడు గ్విడియన్ చెప్పులు కుట్టేవాడి వేషంలో వచ్చి మాయచేస్తే గానీ ఆవిడ నోట ఆ పేరు రాలేదు. అలాంటి తల్లి అంత పొడుగు రాత్రిలో ఏడు గంటలసేపు ఎక్కడికి పోయింది? నడినెత్తిన మెరిసే రాణి కంటే ఇది ఎంత మంచి కథో చూడు. నువ్వు ఊహించింది కాదు, ఆకాశం ఇచ్చింది.

ఆకారం కూడా మరోసారి చూడు. వెండిచక్రం అని రాశావు. నాకు ఎప్పుడు చూసినా విరిగిన గాజులా కనపడుతుంది. గుండ్రం పూర్తికాలేదు కదా, అరబ్బులు దాన్ని పేదవాళ్ళ గిన్నె అన్నారు. ఆ ఖాళీని ఏం చేస్తావో నీ ఇష్టం. ఇంకొకటి: ఆ గాజు అంచుకు కాస్త బయటగా టి కరోనా బొరియాలిస్ అనే చుక్క ఉంది, ఉత్తప్పుడు కంటికి ఆనదు. 1866లో ఒకసారి, 1946లో ఒకసారి ఉన్నట్టుండి భగ్గుమని, కొన్నాళ్ళు కనపడి మాయమైంది. సుమారు 80 ఏళ్ళ లెక్కన మళ్ళీ వెలుగుతుందని ఖగోళశాస్త్రజ్ఞులు కాచుకుని ఉన్నారు. దాన్ని కథలో ఇరికించమనడం లేదు, తెలిసి ఉంటే మంచిదని.

మొదటి వాక్యం మాత్రం ఇవాళే కొట్టేయ్. "ఈ కథ ఈ శీతాకాలమే కట్టాను" అని మొదలుపెట్టు, నెగడు చుట్టూ ఉన్నవాళ్ళెవరూ లేచిపోరు. రెండో ప్రతి ఇంట్లో కూర్చుని రాయకు. ఓ రాత్రి అలారం పెట్టుకుని, ఒంటిగంటన్నరకు ఈశాన్యం అడ్డులేని చోట నిలబడి చూడు. మబ్బుపడితే మర్నాడు. ఎన్నింటికి కనపడిందో కాగితం పైమూల రాసి పంపు. చెవులకు మఫ్లర్ కట్టుకో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు