కాక్‌టెయిళ్ల వారం పెట్టుకున్న నా మేనకోడలికి

శ్రావణి బిడ్డా,

మీ నాన్న ఫోన్ చేసి చెప్పిండు, సోమారం నుంచి ఆదివారం దాక రోజుకో హోటలంట, గచ్చిబౌలి, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అంత తిరిగి తినుడంట, కాక్‌టెయిళ్లు తాగి చూసుడంట. చెప్పుకుంట చెప్పుకుంట ఆయన గొంతు చిన్నగైంది. నేనైతే నవ్విన. ఇరవై ఒకటి దాటి మూడేండ్లాయె, నీ జీతం నీది, మన ఇంట్ల ఆడోళ్లు దసరాకు కల్లు ముంత పట్టలేదా ఏంది. ఫోన్ పెట్టినంక మాత్రం నిద్ర పట్టలే, గందుకే ఇది టైప్ చేస్తున్న.

ఖాళీ కడుపుతోని తాగకు. గ్లాసుకు గ్లాసుకు నడుమ నీళ్లు తాగు. బిల్లుల సర్వీస్ ఛార్జి ఏస్తే తీసెయ్యమను, అది తప్పనిసరి కాదు. స్కూటీ ఇంట్లనే పెట్టి పో, వంద మిల్లీలీటర్ల రక్తంల ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, మొదటిసారికే 10,000 దాక ఫైను, ఆరు నెలల దాక జైలు. దుమ్ము పడదని సెట్రిజిన్ ఏసుకుంటవు కదా, ఆ గోలీ ఏసుకున్న రోజు గ్లాసు ముట్టకు, మత్తు ఇంకింత ఎక్కుతది.

చేదుయి తాగితే నాకు రంది లేదు. నెగ్రోని అని జిన్ను, వెర్మూత్ అనే మూలికల వైను, కాంపరి అనే చేదు మందు సమానంగ పోస్తరు, రెండు గుక్కలకే ఇగ చాలనిపిస్తదంట. బ్లడీ మేరీ అంటే టమాట రసంల వోడ్కా, మన పచ్చిపులుసుకు చుట్టమన్నట్టు. నా భయమంత తియ్యటియే. లాంగ్ ఐలాండ్ ఐస్‌డ్ టీ అని ఉంటది, అండ్ల చాయ్ చుక్క కూడ ఉండదు, వోడ్కా, రమ్ము, జిన్ను, టెకీలా, ట్రిపుల్ సెక్ అనే నారింజ మందు పోసి నిమ్మరసం, కోలా కలుపుతరు, తాగేటోళ్లకు షర్బతే అనిపిస్తది. (నాకెట్ల తెలుసంటవా, రాత్రి పన్నెండు దాక యూట్యూబుల గవే చూసుకుంట కూసున్న.)

తియ్యటిదంటే ఎందుకు భయమో చెప్త, మీ అమ్మకు ఇయ్యాళ్టి దాక తెల్వది. 1996ల దేవరకొండ దిక్కు ఒక పెండ్లికి మీ అన్నను ఎంటబెట్టుకొని పోయిన, వానికి నాలుగేండ్లు. పొద్దుగాల చెట్టు మీదికెళ్లి దింపిన ఈత కల్లు ఒక ముంత తాగిన, కొబ్బరినీళ్ల లెక్కుండె, ఏం కాలె. గదే లొట్టిల మిగిలింది ఎండపూట దాక పెట్టి మళ్ల రెండు ముంతలు తాగిన, అప్పటికి పులిసి ఉన్నదని నాలుకకు తెలుస్తనే ఉంది, పొద్దుగాల ఏం కాలేదు కదా అని మొండి ధైర్యం. తాగి నల్లగొండ బస్సెక్కిన, పిల్లగాన్ని కిటికీ కాడ కూసోబెట్టిన, నిద్రపోయిన. లేచేసరికి నల్లగొండ బస్టాండు, పక్కన వాని చెప్పులున్నయి, వాడు లేడు. ఆ చెప్పులు చేతిల పట్టుకొని అందరిని అడుక్కుంట తిరిగిన, నోట్లె మాట తిరుగుతలేదు, తాగిందని తెలిసి ఒకామె ముఖం తిప్పుకుంది. ఎన్కకు పోయే బస్సుల నిలబడే పోయిన. మల్లేపల్లి చౌరస్తల గోలీ సోడా బండి కాడ స్టూలు మీద కూసొని ఉన్నడు, ఎవరో దిగుతుంటే వాళ్ల ఎంట దిగిండంట, అంగి మీద ఎర్రటి ఐస్‌ఫ్రూట్ మరక. నన్ను చూసి ఏడవలే బిడ్డా, "అత్తా నా చెప్పులేవి" అన్నడు. ఆ సోడాయన పైసలు తీసుకోలే. ఇంటికి పొయ్యే ముందు బోరింగు కాడ ఆ అంగి పిండిన, మీ అమ్మకు నీళ్లు పోసుకున్నడని చెప్పిన. ఇప్పుడు వాడే ఫోన్ చేసి మోకాళ్లెట్లున్నయి అత్తా అని అడుగుతడు, అడిగినప్పుడల్ల నాకు ఆ మరకే కండ్లల్ల మెదుల్తది.

గందుకే, తాగకని అంటలేను. మీ నాన్న అనమన్నడు, నేను అన. ఏడు రోజులు వరుసగ మాత్రం వద్దు, నడుమ రెండు రోజులు ఉత్త తిండి పెట్టుకోండ్రి, ఎక్కడన్న బోటి మంచిగ చేస్తే ఫొటో పెట్టు, ఎంత కారమేసిన్రో చూస్త.

ఐదుగురు పోతున్నరంట కదా. రోజు రాత్రి రూముకు చేరినంక తలకాయలు లెక్కపెట్టి నాకు ఒక్క అంకె మెసేజ్ పెట్టు, ఎంత రాత్రైనా సరే మేల్కొనే ఉంట. 5 అని వస్తే పండుకుంట. 4 అని వచ్చిందో, మొదటి బస్సుకే దిగుత.

నీ అత్త