ఇద్దరే ఉండే ఇంటికి ఏ మార్పులు అవసరం? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. 1996లో రెండు వందల గజాల స్థలంలో కట్టుకున్న మేడ ఇల్లు. కింద హాలు, వంటిల్లు, పూజ గది, ఒక చిన్న పడక గది, స్నానాల గది ఉన్నాయి. పైన మూడు పడక గదులు. 1986 వరదలను కళ్లారా చూసిన మా మామగారు పునాది ఎత్తుగా లేపాలని పట్టుబట్టడం వల్ల గేటు దగ్గర నుంచి ఆరు మెట్లు ఎక్కితేనే వరండాలోకి రాగలం. అబ్బాయి డాలస్‌లో, అమ్మాయి బెంగళూరులో స్థిరపడ్డారు. మావారికి 67, నాకు 62. నాకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. అయినా ఇప్పటికీ పైగదిలోనే పడుకుంటున్నాము. కింద గోడలన్నీ తీయించి కొత్తగా చేయించుకోమని, లిఫ్టు పెట్టించుకోమని అబ్బాయి అంటున్నాడు. పైభాగం అద్దెకు ఇద్దామని మావారు అంటున్నారు. అలా ఇచ్చేస్తే పిల్లలు వచ్చినప్పుడు ఎక్కడ ఉంటారన్నది నా బెంగ. దేనితో మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మొదటి పనికి తాపీ మేస్త్రీతో అవసరం లేదు. మీ మంచం, బీరువా, రోజూ వాడుకునే బట్టలు కిందిగదిలోకి దింపించుకొని, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఆ గదిలోనే గడపండి. గాలి ఏ కిటికీ నుంచి వస్తుందో, రాత్రి లేచినప్పుడు చేయి ఏ స్విచ్చు కోసం వెతుకుతుందో, వరండా మీద పడ్డ ఎండ గదిని ఎంతసేపు కాలుస్తుందో ఉండి చూస్తేనే తెలుస్తుంది. అవి తెలియకముందే గీయించిన ప్లానులో సగం పనులు అనవసరమైనవై ఉంటాయి. కిందిగది చిన్నదని వెనుకాడకండి. ఇద్దరికి నిద్రపోవడానికి పెద్ద గది అక్కర్లేదు, మంచానికి రెండు వైపులా నడిచే జాగా ఉంటే చాలు. ఆ గది నైరుతిలో లేదని ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. వాస్తు మీద మీకు నమ్మకం ఉంటే మంచం ఉన్న గదిలోనే దక్షిణానికి తల పెట్టుకొని పడుకోండి. ఆ ఒక్క కారణంతో మోకాళ్ల నొప్పులున్న మనిషి రోజూ మెట్లెక్కి నైరుతి గదికి వెళ్లాలన్న వాదన మాత్రం నాకు మింగుడుపడదు.

చేతిలో ఉన్న డబ్బులో పెద్ద వాటా కింది స్నానాల గదికి కేటాయించండి. తడి నేల మీద పెద్దవాళ్లు జారిపడే ప్రమాదం ఎక్కువ కాబట్టి, హాలులో ఇటాలియన్ మార్బుల్ పరచాలన్న కోరిక ఉన్నా దాన్ని తరువాతికి వాయిదా వేయవచ్చు. ఆ కాలంలో కట్టిన ఇళ్లలో స్నానాల గది తలుపు రెండున్నర అడుగులకు మించి ఉండదు, అది లోపలికి తెరుచుకుంటుంది, గడప దగ్గర మూడు నాలుగు అంగుళాల దిగుడు ఉంటుంది. ఈ మూడూ మారాలి. మనిషి లోపల పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపును ఆ శరీరమే అడ్డుకుంటుంది కనుక తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరిగేదై ఉండాలి. రేపు చక్రాల కుర్చీ అవసరమైనా పట్టేలా తలుపు తెరిచాక కనీసం 2 అడుగుల 8 అంగుళాల ఖాళీ దొరకాలి; అందుకు మూడడుగుల తలుపు పెట్టించడం మేలు. స్నానం చేసే చోటును గాజు పలకతో విడదీసి, నీళ్లు గదంతా పారకుండా వాలు ఒకే మూలకు ఇప్పిస్తే గడప దిగుడును దాదాపుగా తీసివేయవచ్చు. టైల్స్ కొనేటప్పుడు కొట్టువాడు మెరిసేవే ముందు చూపిస్తాడు. మీరు గరుకుగా ఉండే మ్యాట్ రకం అడిగి, అక్కడే ఒక పలక మీద నీళ్లు పోయించి, చెప్పులు విప్పి అరికాలితో రాసి చూసి మరీ తీసుకోండి.

పట్టుకొనే కడ్డీల విషయంలో చాలామంది చివర్లో ఆలోచిస్తారు. పాత ఇళ్లలో స్నానాల గదిని పడక గది నుంచి విడదీసే గోడ తరచుగా నాలుగున్నర అంగుళాలదే ఉంటుంది. ఆ గోడకు టైల్ మీద మామూలు స్క్రూలతో బిగించిన కడ్డీ తువ్వాలు ఆరేసుకోవడానికి పనికివస్తుంది గాని, పడబోతున్న మనిషి బరువును ఆపలేదు. టైల్స్ వేయకముందే కడ్డీ వచ్చే చోట గోడను కాంక్రీటుతో గట్టిపరిచి, తరువాత యాంకర్ బోల్టులతో బిగించాలి. ఎత్తు సుమారుగా రెండున్నర నుంచి మూడు అడుగుల మధ్య ఉంటుందని చెబుతారు. మీ ఇద్దరినీ కమోడ్ ఎత్తున్న స్టూలు మీద కూర్చోబెట్టి, లేచేటప్పుడు చేయి సహజంగా ఎక్కడ ఆనుతుందో గోడ మీద సుద్దతో గుర్తు పెట్టించుకోండి. కమోడ్ కూడా 17 నుంచి 19 అంగుళాల ఎత్తులో ఉంటే మోకాళ్ల మీద భారం తగ్గుతుంది. పాత వైరింగు ఎలాగూ తీయిస్తారు కాబట్టి గీజరు లైనుకు 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపేసే స్విచ్చు) పెట్టమని ఎలక్ట్రీషియనుకు చెప్పండి.

ఇక వీధి మెట్ల సంగతి. ర్యాంపు కట్టిస్తే సరిపోతుందని ఎవరైనా చెప్పే ముందు లెక్క చూడండి. చక్రాల కుర్చీకి తగిన వాలు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. మీ ఆరు మెట్ల ఎత్తు మూడడుగులు ఉంటుందనుకుంటే ర్యాంపు ముప్పై ఆరడుగులు సాగాలి, మధ్యలో సమతలంగా ఆగే చోటు కూడా ఉండాలి. రెండు వందల గజాల స్థలంలో ఇంటి ముందు అంత జాగా దొరకదు, పక్క సందు వెడల్పుగా ఉంటే అక్కడేమైనా వీలవుతుందేమో కొలిపించాలి. జాగాకు ఇరికించి నిటారుగా కట్టిన ర్యాంపు వానలో మెట్లకన్నా ప్రమాదకరం. ఇప్పుడున్న ఆరు మెట్ల స్థానంలో ఐదంగుళాల ఎత్తు, అడుగు వెడల్పు ఉండేలా ఏడెనిమిది మెట్లు కట్టించి, రెండు వైపులా చేతికి పట్టు దొరికే రెయిలింగు పెట్టిస్తే మీ ప్రస్తుత అవసరం తీరుతుంది. ప్రతి మెట్టు అంచున వేరే రంగు గీత ఉంటే సాయంత్రం చీకట్లో మెట్టు ఎక్కడ ముగిసిందో తెలుస్తుంది.

గోడలు తీయించమన్న మీ అబ్బాయి సలహాను ఇంజనీరు వచ్చి చూసేదాకా అమలు చేయకండి. మీ ఇల్లు కట్టిన రోజుల్లో పిల్లర్లు, బీములు లేకుండా తొమ్మిదంగుళాల గోడల మీదే శ్లాబు వేసిన ఇళ్లు చాలానే ఉన్నాయి. అలాంటి ఇంట్లో హాలుకూ వంటింటికీ మధ్య ఉన్న గోడ పై అంతస్తు మొత్తాన్ని మోస్తూ ఉండవచ్చు. సుత్తి పట్టుకొన్న కూలీకి ఆ సంగతి తెలియదు, తెలుసుకోవలసిన బాధ్యత మీది.

లిఫ్టు గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీకు పైకి వెళ్లే అవసరమే లేకుండా చేయడం కోసం కింద ఇంత ఖర్చు పెడుతూ, మళ్లీ పైకి తీసుకువెళ్లే యంత్రానికి లక్షలు పోసి, శ్లాబు కోయించి, ఏటా నిర్వహణ ఒప్పందానికి డబ్బు కట్టడంలో అర్థం లేదు.

పైభాగాన్ని ఏం చేయాలన్నదే మీ ఇద్దరి అసలు తర్జనభర్జన. తాళం వేసి ఉంచడం ఖర్చు లేని పని అనుకుంటారు గాని, మూసిన అంతస్తు తనంతట తాను పాడవుతుంది. వాడని స్నానాల గదుల్లో నహానీ ట్రాపులోని (నేల మీది నీరు పోయే జాలీ కింద ఉండే వంపులోని) నీరు కొన్ని వారాలకే ఆరిపోతుంది; ఆ నీరే దుర్వాసనను, బొద్దింకలను ఆపే అడ్డు. చెక్క అల్మరాల వెనుక చెదలు, శ్లాబు నుంచి ఊరే చెమ్మ ఎవరూ చూడకుండా పెరుగుతాయి. అద్దెకు ఇస్తే వీటిని చూసే మనిషి ఇంట్లో ఉంటాడు, మెట్ల మీద అలికిడి ఉంటుంది, మీకు నెలనెలా కొంత ఆదాయం వస్తుంది. ఆదాయ పన్ను లెక్కలో మున్సిపల్ పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం తగ్గింపు కూడా ఉంటుంది. అయితే మీ మెట్లు హాలులోంచి వెళ్తుంటే అద్దెకు ఇవ్వడం కుదరదు. బయటి నుంచి మెట్లు కట్టాలంటే అవి సెట్‌బ్యాక్ స్థలంలోకి, అంటే ఇంటి చుట్టూ ఖాళీగా వదలవలసిన జాగాలోకి వస్తాయేమో చూసుకొని, మున్సిపల్ అనుమతి తీసుకోవాలి. పైభాగానికి వేరే కరెంటు మీటరు పెట్టించడం మరవకండి; కరెంటు బిల్లు పంపకాల దగ్గర చెడిన సంబంధాలు ఎన్నో చూశాము. రిజిస్ట్రేషన్ తప్పుతుందని చాలామంది అద్దె ఒప్పందాన్ని పదకొండు నెలలకు రాసుకుంటారు గాని, ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి లోపు ఒప్పందానికి కూడా రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

పిల్లల కోసం పైన మూడు గదుల్లో వీధి వైపు గదిని, దాని స్నానాల గదితో సహా మీ దగ్గరే ఉంచుకొని మిగతా రెండింటినీ ఒక పోర్షనుగా ఇవ్వవచ్చు. ఆ గదిని వారానికోసారి తెరిచి, కిటికీలు తీసి, కుళాయిలు కాసేపు విప్పండి. అబ్బాయి ఇంజనీరింగు పుస్తకాలు, అమ్మాయి బహుమతి కప్పులు, అటక మీది ఇత్తడి గంగాళాలు, మడత మంచాలు ఏవి ఉంచాలో మీరొక్కరే తేల్చవద్దు. వాళ్లు ఈసారి వచ్చినప్పుడు ఒక పూట కూర్చొని ఎవరివి వారే చూసుకోవాలని ముందే చెప్పండి.

ప్రశ్న: మేము హైదరాబాదు కొండాపూర్‌లో పదకొండో అంతస్తులో మూడు పడక గదుల ఫ్లాటులో ఉంటున్నాము. పిల్లలిద్దరూ వెళ్లిపోయారు. వాళ్ల గదికి, హాలుకు మధ్య గోడ తీసివేసి హాలు పెద్దది చేసుకోవాలని ఉంది. వీలవుతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ముందుగా మీ భవనం ఏ పద్ధతిలో కట్టారో బిల్డరును గాని, అసోసియేషన్‌ను గాని అడగండి. ఈ మధ్య ఎత్తయిన భవనాలను మైవాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చులు బిగించి గోడలను, శ్లాబును కలిపి కాంక్రీటుతో పోసి కడుతున్నారు. అందులో గదుల మధ్య గోడ ఇటుక గోడ కాదు, భవనాన్ని మోసే భాగం. దాన్ని తీయకూడదు, కొత్త పైపు కోసం గాడి కొట్టడం కూడా ఇంజనీరు అనుమతి లేకుండా చేయకూడదు. పిల్లర్లు, బీముల పద్ధతిలో కట్టి మధ్యలో ఇటుక గోడ నింపినదైతే అవకాశం ఉంటుంది. అప్పుడూ నిర్మాణ నక్షాలు చూపించి అసోసియేషన్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

గోడ తీయడానికి వీలులేదని తేలినా పెద్దగా నష్టం లేదు. ఇద్దరికి హాలు ఎంత పెద్దదైనా కూర్చొనే మూల ఒకటే. ఆ గదిని చదువుకోవడానికో, రాత్రి ఒకరి గురక ఇంకొకరికి భరించరానిదైనప్పుడు విడిగా పడుకోవడానికో వాడుకోండి, ఇందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు. స్నానాల గది మార్పిస్తే మాత్రం వాటర్‌ప్రూఫింగు అయ్యాక నీళ్లు నిలిపి రెండు రోజులు పరీక్షించకుండా టైల్స్ వేయనివ్వకండి. కారితే తడిసేది పదో అంతస్తువారి పైకప్పు.

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుడిని. ఇంటి మరమ్మతుల ఖర్చంతా విదేశంలో ఉన్న మా అబ్బాయి పెట్టుకుంటానంటున్నాడు. ముందుగా ఇల్లు తన పేర రిజిస్టరు చేయమంటున్నాడు. చేయవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: కుమారుడు పంపే డబ్బు మీకు బహుమతి కిందికి వస్తుంది, దానిపై మీకు ఆదాయ పన్ను ఉండదు. కాబట్టి మరమ్మతులకు, రిజిస్ట్రేషనుకు ముడిపెట్టవలసిన అవసరం చట్టపరంగా ఏదీ లేదు. గిఫ్టు డీడు (దానపత్రం) ఒకసారి రిజిస్టరయితే ఇల్లు ఆయనది అవుతుంది, తరువాత మనసు మార్చుకోవడం తేలిక కాదు. ఇవ్వాలనే నిశ్చయించుకుంటే మిమ్మల్ని జీవితాంతం పోషించాలన్న షరతును, ఆ ఇంట్లో ఉండే మీ హక్కును దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షను కింద, అబ్బాయి పోషించనప్పుడు ఆ దానాన్ని రద్దు చేయించుకోవడానికి ట్రిబ్యునల్‌కు వెళ్లవలసి వస్తే ఆ షరతే మీకు ఆధారం. నా సలహా అడిగితే వీలునామా రాయండి. బ్రతికి ఉన్నంతకాలం ఇల్లు మీదే, వీలునామాను ఎప్పుడైనా మార్చుకోవచ్చు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని చేయించడం మంచిది. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండి తీరాలి. మరమ్మతుల బిల్లులన్నీ ఒక ఫైలులో భద్రపరచండి. ఇంటి విలువను పెంచిన పనుల ఖర్చును, ఎప్పుడైనా ఇల్లు అమ్మవలసి వస్తే, మూలధన లాభాల (అమ్మకంలో వచ్చిన లాభం మీద పన్ను) లెక్కలో తగ్గించి చూపించుకోవచ్చు.